ధన పూర్ణ సంఖ్యల ధర్మాలు: పేర్లు బట్టీ పట్టించకుండా పిల్లలకు ఎట్లా చెప్పాలి?

పలమనేరు_పలక:
ఆరు నుంచి పదో తరగతి దాకా చెప్పేవాళ్ళు ఒకసారి చూడండి. సంవృత ధర్మం (ఫలితం అదే గుంపులో ఉండటం), వినిమయ ధర్మం (ముందువెనకలు మార్చినా ఫలితం మారకపోవడం), సహచర ధర్మం (కుండలీకరణాలు ఎక్కడ పెట్టినా మారకపోవడం), విభాగ ధర్మం (విడగొట్టి గుణించి కూడటం) అని పిల్లలు గడగడా అప్పజెప్తారు. "తీసివేతకు సంవృత ధర్మం ఉందా?" అని అడిగితే మాత్రం "8 − 3 = 5, కాబట్టి ఉంది" అని రాస్తారు. 91ని ప్రధాన సంఖ్యల్లో వేస్తారు. 1 ఎందుకు ప్రధాన సంఖ్య కాదంటే పుస్తకంలో కాదని ఉంది కాబట్టి. చిన్న సంఖ్యలకు గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) వచ్చు, నాలుగంకెల సంఖ్యలిస్తే పెన్ను కింద పెట్టేస్తారు. వీటన్నిటికీ మూలం ఒకటుందా, దేనికది విడిగా చెప్పుకోవాల్సిందేనా?

శేషం_సున్నా:
ముందు హద్దు గీసుకుందాం. ధన పూర్ణ సంఖ్యలంటే 1, 2, 3, 4... అంతే. సహజ సంఖ్యల్లో 0 ఉందా లేదా అనే గొడవ వేరు. మన బడి పుస్తకాలు 1 నుంచి మొదలుపెడతాయి, తర్కశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ పుస్తకాల్లో చాలావరకు 0 నుంచి. ధన పూర్ణ సంఖ్యలు అన్నారంటే ఆ పేచీ లేదు.

ఇక అసలు సంగతి రెండు ముక్కల్లో. ఒకటి, ఏ రెండిటిని కూడినా గుణించినా ఈ గుంపు దాటి బయటికి పోం. తీసివేస్తేనో భాగిస్తేనో పోవచ్చు. రెండు, కిందికి దిగుతూ పోతే ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఖాళీ కాని ఏ సమితి తీసుకున్నా అందులో అన్నిటికంటే చిన్నది ఒకటుంటుంది. పూర్ణ సంఖ్యలన్నీ తీసుకుంటే ఇది కుదరదు, −1, −2, −3 అని దిగుతూనే ఉండొచ్చు. ధన భిన్నాల్లోనూ కుదరదు, 1/2, 1/4, 1/8 అని ఎంత చిన్నదైనా దొరుకుతుంది. మూలం అంటే నా లెక్కలో ఈ రెండోదే. యూక్లిడ్ పద్ధతి (భాగహారాలతో గ.సా.భా. తీయడం), ప్రధాన కారణాంకాలు, గణితానుగమనం (1కి నిజమని చూపి, ఒకదాని నుంచి తర్వాతిదానికి పోతూ అన్నిటికీ నిరూపించడం) అన్నీ దాని మీదే నిలబడ్డాయి.

8 − 3 సంగతి: ధర్మం ఉందనాలంటే ప్రతి జతకూ ఉండాలి, ఒక్క ఉదాహరణ దేనికీ చాలదు. లేదనడానికి మాత్రం ఒక్కటి చాలు. 3 − 8 రాయించండి, అయిపోయింది. సహచర ధర్మానికీ అంతే: 12 − (5 − 3) = 10, (12 − 5) − 3 = 4. ఈ "ప్రతి", "ఒక్క" తేడా ఆరో తరగతిలో పట్టుబడితే ఇంటర్ దాకా పనికొస్తుంది.

మంగాపురం_మెట్టు:
నాలుగు పేర్లలో రోజూ కూలికి పోయేది విభాగ ధర్మం ఒక్కటే కదప్పా. మిగతావి పిల్లోళ్ళకు ఎట్లైనా తెలుసు. 47 × 36 నిలువుగా వేసేదే విభాగ ధర్మం: 47 × 30 = 1410, 47 × 6 = 282, మొత్తం 1692. తప్పు యాడ జరుగుతాదంటే రెండో వరసను ఒక స్థానం ఎడమకు జరపకుండా 141 అని రాసి 282తో కూడేస్తారు, 423 వస్తాది. కొంతమంది దీన్ని 9తో సరిచూసుకోమంటారు, అంకెలు కూడుకుంటా పోయి. ఇక్కడ అది పని చెయ్యదు. 36 అంకెల మొత్తం 9, అంటే లబ్ధం 9తో పోవాల. 1692 పోతాది, 423 కూడా పోతాది! తప్పు జవాబు కూడా పాసైపోయింది.

శేషం_సున్నా:
అది యాదృచ్ఛికం కాదు. 10ని 9తో భాగిస్తే శేషం 1. కాబట్టి స్థానం ఒకటి తప్పినా, అంకెలు తారుమారైనా 9 పరీక్ష కళ్ళు మూసుకుంటుంది. అక్కడ 11 పరీక్ష పెట్టాలి. 47 శేషం 3, 36 శేషం 3, లబ్ధానికి శేషం 9 రావాలి. 1692లో 1683 పోతే 9, సరిపోయింది. 423లో 418 పోతే 5, తప్పు దొరికిపోయింది. అసలు ఏ పరీక్షా లేకుండా 50 × 36 = 1800 అని అంచనా వేసుకున్నా 423 నిలబడదనుకోండి.

చిత్తూరు_బేసి:
1 సంగతి ఎవరూ చెప్పలేదు. 1కి 1తోనూ, తనతోనూ భాగం పోతుంది కదా, మరి ప్రధానం ఎందుకు కాదు?

జల్లెడ_517:
"1తోనూ, తనతోనూ" అని నేర్పడం వల్ల వచ్చిన తంటా ఇది. "సరిగ్గా రెండు భాజకాలు ఉన్నది" అని నేర్పండి. 1కి ఒకటే భాజకం, బయటికి పోయింది. అట్లా ఎందుకు పెట్టుకున్నారంటే, 12ని ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాసే తీరు ఒకటే, 2 × 2 × 3. 1ని లోపలికి రానిస్తే 1 × 2 × 2 × 3, 1 × 1 × 2 × 2 × 3 అని అంతు లేకుండా రాసుకోవచ్చు. "ఒకే విధంగా" అనే మాట ఉన్న ప్రతి సిద్ధాంతానికీ "1లను లెక్కించకుండా" అని తోక తగిలించాలి. ప్రధానమూ కాదు, సంయుక్తమూ కాదు, 1 విడిగా కూర్చుంటుంది.

ఇక 91. ఎరటోస్తనీస్ జల్లెడ (గుణిజాలను కొట్టేస్తూ ప్రధాన సంఖ్యలను మిగిల్చే పద్ధతి) 100 వరకు వేయించండి, కానీ ఇట్లా వేయించండి. 2 గుణిజాలు 4 నుంచి, 3 గుణిజాలు 9 నుంచి, 5 గుణిజాలు 25 నుంచి, 7 గుణిజాలు 49 నుంచి కొట్టేయాలి. ప్రతిదానికీ దాని వర్గం నుంచే మొదలు, అంతకు ముందువి అప్పటికే పోయుంటాయి. 11 వర్గం 121 కాబట్టి 7తో పని అయిపోతుంది, 25 ప్రధాన సంఖ్యలు మిగులుతాయి. గమ్మత్తు ఏంటంటే 7 వంతు వచ్చేసరికి కొత్తగా కొట్టేసేవి మూడే మూడు: 49, 77, 91. 49 ఎక్కంలో ఉంది, 77 చూస్తేనే తెలుస్తుంది. మిగిలింది 91 ఒక్కటే. పిల్లలు అక్కడ పడటంలో వింతేమీ లేదు. 51, 57, 87 కూడా మోసగాళ్ళే గానీ అంకెలు కూడితే 3 పట్టిస్తుంది. 100 దాటాక 119, 133, 143, 161, 203, 217, 221, 247 మీద ఒక కన్నేసి ఉంచండి.

ఏడుకొండలవాడి ఊళ్ళో ఉండి 7 పరీక్ష రాకపోతే బాగుండదు. చివరి అంకెను రెట్టింపు చేసి మిగతాదాంట్లోంచి తీసేయాలి. 203 అయితే 20 − 6 = 14, 7తో పోతుంది, కాబట్టి 203 కూడా పోతుంది. ఎందుకంటారా? మిగతా భాగం టీ, చివరి అంక యూ అనుకోండి. సంఖ్య 10టీ + యూ. (టీ − 2యూ)ను 10తో గుణిస్తే 10టీ − 20యూ. రెండిటికీ తేడా 21యూ, అది ఎప్పుడూ 7 గుణిజమే. ఒకటి పోతే రెండోదీ పోవాల్సిందే. పెద్ద సంఖ్యలకు ఇంకో దారి: 1001 = 7 × 11 × 13. ఆరంకెల సంఖ్యను మూడేసి అంకెలుగా విరిచి తేడా తీయండి. తిరుపతి పిన్‌కోడ్ 517501, 517 − 501 = 16. 16ను 7 గానీ 11 గానీ 13 గానీ భాగించవు, కాబట్టి 517501నూ భాగించవు. ఒక్క తీసివేతలో మూడు పరీక్షలు అయిపోయాయి.

చిత్తూరు_బేసి:
పిన్‌కోడ్ అన్నారు కాబట్టి, చిత్తూరు 517001. ఈ రెండిటి గ.సా.భా. ఎంత? కారణాంకాలు తీయడానికి కూర్చుంటే తెల్లారుతుంది.

శేషం_సున్నా:
తీయనక్కర్లేదు. రెండిటినీ భాగించేది ఏదైనా వాటి తేడానూ భాగిస్తుంది. తేడా 500, అంటే 2 × 2 × 5 × 5 × 5. ఉమ్మడి భాజకానికి 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉండే వీల్లేదు. రెండు పిన్‌కోడ్‌లూ 1తో ముగుస్తున్నాయి, 2తోనూ పోవు, 5తోనూ పోవు. గ.సా.భా. 1. విడిగా వాటి కారణాంకాలేమిటో తెలియకుండానే అవి సాపేక్ష ప్రధాన సంఖ్యలని తేలిపోయింది.

యూక్లిడ్ పద్ధతి అంటే ఈ తీసివేతనే పదేపదే చేయడం. తిరుమల కొండ మెట్లు తీసుకుందాం. అలిపిరి దారికి 3550, శ్రీవారి మెట్టుకు 2388 అని అందరూ చెప్పే లెక్క.

3550 = 1 × 2388 + 1162
2388 = 2 × 1162 + 64
1162 = 18 × 64 + 10
64 = 6 × 10 + 4
10 = 2 × 4 + 2
4 = 2 × 2 + 0

0కు ముందు వచ్చిన శేషం 2, అదే గ.సా.భా. ప్రతి వరసలో శేషం భాజకం కంటే చిన్నదే ఉండాలి, దీన్ని గట్టిగా చెప్పండి. 2388 = 1 × 1162 + 1226 అని రాసే పిల్లలుంటారు. సమీకరణం సరైనదే, కానీ 1226 భాజకం కంటే పెద్దది, అది శేషం కాదు. ఇంకో పొరపాటు, చివరి వరసలో భాగఫలాన్నే జవాబుగా రాయడం. ఇక్కడ భాగఫలం కూడా 2 కావడంతో ఆ తప్పు బయటపడదు, కాబట్టి ఈ లెక్కను పరీక్షలో ఇవ్వకండి, బోర్డు మీద చెప్పడానికే వాడండి. శేషాలు 1162, 64, 10, 4, 2 అని తగ్గుతూనే పోతున్నాయి చూడండి. అవి ధన పూర్ణ సంఖ్యలు కాబట్టే ఎప్పటికీ తగ్గుతూ ఉండలేవు, 0 దగ్గర ఆగి తీరాలి. మొదట చెప్పిన రెండో ముక్క ఇదే.

కుప్పం_కోడ్:
ఎన్ని వరసల్లో ఆగుతుందో కూడా తెలుసు. చిన్న సంఖ్యలో ఉన్న అంకెలకు ఐదు రెట్లు దాటదని 1844లో లామే అనే ఫ్రెంచ్ గణితవేత్త నిరూపించాడు. 2388కి నాలుగంకెలు, అంటే 20కి మించదు, ఇక్కడ 6తో సరి. భాగహారం బదులు ఉత్త తీసివేతలతో ప్రోగ్రాం రాస్తే మాత్రం 10,00,000, 1 ఇచ్చి చూడండి, దాదాపు పది లక్షలసార్లు తిరుగుతుంది.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కోసం ముందు రెండిటినీ గుణించి తర్వాత గ.సా.భా.తో భాగిస్తే లబ్ధం ప్రోగ్రాంలో సంఖ్యకిచ్చే 32 బిట్ల (గుర్తుకొక బిట్ పోను) చోట్లో పట్టకపోవచ్చు, అక్కడ గరిష్ఠం 2,14,74,83,647. ముందు భాగించి తర్వాత గుణించండి: 2388 ÷ 2 = 1194, 3550 × 1194 = 42,38,700. రెండోది రుణ సంఖ్యలతో. −17ను 5తో భాగిస్తే శేషం గణితంలో 3, పైథాన్ 3 ఇస్తుంది, సీ, జావా భాషలు −2 ఇస్తాయి. ధన పూర్ణ సంఖ్యలతోనే ఉన్నంతసేపు ఈ బాధ లేదు.

మంగాపురం_మెట్టు:
పిల్లోళ్ళకు పద్ధతి వచ్చినా లెక్క చదివి గ.సా.భా. వెయ్యాల్నా క.సా.గు. వెయ్యాల్నా అనేది తేల్చుకోలేరు. మన పక్క లెక్కే ఇయ్యండి. 252 తోతాపురి కాయలు, 180 బేనీషా కాయలు ఉండాయి. ఒక పెట్టెలో ఒకే రకం, అన్ని పెట్టెల్లో సమానంగా, ఒక్క కాయ కూడా మిగలకూడదు, పెట్టెకు ఎక్కువలో ఎక్కువ ఎన్ని పట్టాల? ఉన్నదాన్ని ముక్కలు చేస్తా ఉండాం కాబట్టి గ.సా.భా., 36. తోతాపురికి 7 పెట్టెలు, బేనీషాకు 5. అదే 12 నిమిషాలకొక బస్సు, 18 నిమిషాలకొక బస్సు ఇప్పుడు కలిసి బయల్దేరినాయి, మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి అంటే ముందుకు పోతా ఉండాం, క.సా.గు., 36 నిమిషాలు. రెండు లెక్కలకూ జవాబు 36 వచ్చేట్టు కావాలనే ఇచ్చినా. అంకె చూసి గుడ్డిగా రాసేసినోడు ఎవుడో, ప్రమాణం రాసినోడు ఎవుడో తెలుస్తాది.

పోటీ పరీక్షల్లో ఒక గాలం వేస్తారు. రెండు సంఖ్యల లబ్ధం = గ.సా.భా. × క.సా.గు. అనే సూత్రాన్ని మూడు సంఖ్యలకు వాడేస్తారు. 6, 10, 15 తీసుకోండి. గ.సా.భా. 1, క.సా.గు. 30, లబ్ధం 900. యాడికీ పొంతన లేదు.

పలమనేరు_పలక:
చాలా బాగుంది. ఇంకో అనుమానం. 4తోనూ 6తోనూ పోతే 24తో పోతుందని రాస్తారు. 12 చూపిస్తే ఒప్పుకుంటారు. కానీ 3తోనూ 8తోనూ పోతే 24తో పోతుందనేది ఎందుకు నిజం?

జల్లెడ_517:
3, 8 సాపేక్ష ప్రధానాలు, 4, 6 కాదు. 4లో ఉన్న 2, 6లో ఉన్న 2 ఒకటే కావచ్చు, దాన్ని రెండుసార్లు లెక్కేయకూడదు. దీని వెనకున్నది యూక్లిడ్ చెప్పిన మాట: ఒక ప్రధాన సంఖ్య లబ్ధాన్ని భాగిస్తే అందులో ఒకదాన్నైనా భాగించాలి. సంయుక్త సంఖ్యకు ఇది కుదరదు. 6 అనేది 4 × 9ని భాగిస్తుంది, 4ను భాగించదు, 9ని భాగించదు.

చిత్తూరు_బేసి:
శేషం గారూ, మీ మొదటి పోస్టుకే వస్తున్నా. "అన్నీ దాని మీదే" అన్నారు. సరి సంఖ్యలు మాత్రమే ఉన్న లోకం తీసుకోండి: 2, 4, 6, 8... కూడినా గుణించినా బయటికి పోవు. ఏ సమితికైనా అతి చిన్నది ఉంటుంది. మీరు చెప్పిన రెండు ముక్కలూ ఉన్నాయి. అయినా ఆ లోకంలో 2, 6, 10, 30లను ఇంకా విడగొట్టలేం, 60 మాత్రం 2 × 30, 6 × 10 అని రెండు రకాలుగా విడిపోతుంది. మరి ఒకే విధమైన కారణాంక విభజన ఏమైంది?

శేషం_సున్నా:
మంచి దెబ్బ. "అతి చిన్నది ఉండటం" వల్ల వచ్చేది విడగొట్టడం ఎక్కడో ఆగుతుందనే హామీ. ఒకే విధంగా ఆగుతుందనే హామీకి ఇంకొకటి కావాలి, శేషంతో భాగహారం. ధన పూర్ణ సంఖ్యల్లో భాగఫలం ఒక్కొక్కటిగా పెరుగుతుంది కాబట్టి శేషాన్ని భాజకం కంటే కిందికి తేగలం. మీ సరి లోకంలో 6ను 4తో భాగించండి. భాగఫలం కూడా సరి సంఖ్యే కావాలి. 0 వేస్తే శేషం 6, భాజకం కంటే పెద్దది. 2 వేస్తే 8, దాటిపోయింది. మధ్యలో 1 లేదు. కాబట్టి అక్కడ యూక్లిడ్ పద్ధతి నడవదు, అది నడవకపోతే జల్లెడ_517 గారు చెప్పిన యూక్లిడ్ మాటా నిలవదు: 6 అనేది 2 × 30ని భాగిస్తుంది, కానీ ఆ లోకంలో 2నూ భాగించదు, 30నీ భాగించదు, ఎందుకంటే 5 సరి సంఖ్య కాదు.

యూక్లిడ్ వరసలను కింది నుంచి పైకి వెనక్కి ఎక్కితే వచ్చేదేమిటో కూడా చూడండి. 2 = 10 − 2 × 4 అని మొదలుపెట్టి పై శేషాలను ప్రతిక్షేపిస్తూ పోతే

2 = 485 × 3550 − 721 × 2388

17,21,750 − 17,21,748, సరిపోయింది. గ.సా.భా.ను ఎప్పుడూ ఇట్లా రాయొచ్చు. ప్రధాన సంఖ్య లబ్ధాన్ని భాగిస్తే ఒకదాన్నైనా భాగిస్తుందనడానికి రుజువు ఇక్కడినుంచే వస్తుంది. ఇట్లాంటి సమీకరణాలను సాధించడానికి ఆర్యభటుడు 499లోనే కుట్టకం అనే పద్ధతి ఇచ్చాడు. దాని గుండెకాయ కూడా ఈ పరస్పర భాగహారమే.

కుప్పం_కోడ్:
గణితానుగమనం గురించి ఒక మాట. "పది విలువలకు సరిపోయింది, నిజమే" అనేవాళ్ళకు ఎన్ × ఎన్ + ఎన్ + 41 ఇవ్వండి. ఎన్ 0 నుంచి 39 దాకా ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681, అది 41 × 41.

జల్లెడ_517:
దాని పక్కనే ఇది కూడా. ప్రధాన సంఖ్యలకు అంతు లేదనే యూక్లిడ్ రుజువు రాసేటప్పుడు "వరసగా ప్రధానాలను గుణించి 1 కలిపితే ప్రధాన సంఖ్య వస్తుంది" అని రాస్తారు. రాదు. 2 × 3 × 5 × 7 × 11 × 13 + 1 = 30031, అది 59 × 509. రుజువు చెప్పేది అది ప్రధానమని కాదు, దాని ప్రధాన కారణాంకం ఏదైనా మన జాబితాలో లేనిదే అయి ఉండాలని. మార్కులు పోయేది ఈ ఒక్క వాక్యం దగ్గరే.

పలమనేరు_పలక:
"అతి చిన్నది" అనే ఆయుధాన్ని పదో తరగతి పిల్లలకు చూపించడానికి చిన్న రుజువు ఏదైనా ఉంటే ఇవ్వండి.

శేషం_సున్నా:
0కీ 1కీ మధ్య పూర్ణ సంఖ్య లేదని నిరూపించమనండి. "అది కనిపిస్తూనే ఉంది కదా" అంటారు. ఉందనుకుందాం. అట్లాంటివాటిలో అతి చిన్నది ఏ. 0, 1ల మధ్య ఉన్నదాన్ని దానితోనే గుణిస్తే ఇంకా తగ్గుతుంది, కాబట్టి ఏ × ఏ అనేది ఏ కంటే చిన్నది. గుణిస్తే బయటికి పోం కాబట్టి అదీ పూర్ణ సంఖ్యే, అదీ 0, 1ల మధ్యే ఉంది. ఏ కంటే చిన్నది దొరికింది, విరుద్ధం.

రెండోది √2 కరణీయమని, అంటే భిన్నంగా రాయలేమని. √2 భిన్నమైతే, √2తో గుణించినప్పుడు పూర్ణ సంఖ్య అయ్యే ధన పూర్ణ సంఖ్యలు ఉంటాయి. వాటిలో అతి చిన్నది కే. ఇప్పుడు కే√2 − కే తీసుకోండి. అది పూర్ణ సంఖ్య, ధనాత్మకం, √2 − 1 అనేది 1 కంటే తక్కువ కాబట్టి కే కంటే చిన్నది. దాన్ని √2తో గుణిస్తే 2కే − కే√2, అదీ పూర్ణ సంఖ్యే. అతి చిన్నది అనుకున్న కే కంటే చిన్నది వచ్చింది. సరి, బేసి ప్రస్తావనే రాలేదు.

చిత్తూరు_బేసి:
బోర్డు పరీక్షలో ఇట్లా రాస్తే మార్కులిస్తారా?

మంగాపురం_మెట్టు:
సరైన రుజువుకు ఇయ్యాల్సిందే. కానీ దిద్దేటోళ్ళ చేతిలో ఉండేది సాపేక్ష ప్రధానాలు పీ, క్యూ తీసుకునే రుజువు, వరస వరసకూ మార్కులు పంచి ఉంటారు. పరీక్షలో అదే రాయించండి. ఇది బోర్డు మీద చూపించి, √3కి కే√3 − కే తీసుకుంటే ఎందుకు నడవదో, ఏం తీసుకోవాల్నో ఇంటికాడ చేసుకు రమ్మనండి.

జల్లెడ_517:
√3 − 1 అయినా 1 కంటే తక్కువే కదా, నడుస్తుంది. దాన్ని √3తో గుణిస్తే 3కే − కే√3, పూర్ణ సంఖ్యే. ఇబ్బంది √5 దగ్గర: √5 − 1 అనేది 1 దాటిపోతుంది. అక్కడ కే√5 − 2కే తీసుకోవాలి. ఇంటిపనికి √5 ఇవ్వండి.